పక్కకి జరిగిన ఎరుపు

వడ్డాది పాపయ్యగారి బొమ్మ ఒక్కటి కూడా నేను ఇంతవరకూ చూడలేదు. ఆయన చెయ్యి తగిలిన అట్టగానీ, ఆయన కలిపిన రంగు ఇంకిన కాగితంగానీ నా కంటబడలేదు. చూసినవన్నీ చందమామ ముఖచిత్రాలూ, యువ పత్రికలోని రంగుల పేజీలూ. అంటే అచ్చు. అయినా నీ మీద ఎవరి ప్రభావం ఉందని అడిగితే నోటికి ముందొచ్చే పేరు ఆయనదే. ప్రింట్‌మేకింగ్‌లో మాస్టర్స్ చేస్తున్న పిల్ల, అసలు బొమ్మ ఒక్కటీ చూడని చిత్రకారుడి పేరు చెబితే ఎదుటివాళ్ళు కాస్త జాలిగా చూస్తారు. "ముందు ఒరిజినల్ చూడు, తర్వాత మాట్లాడు" అంటారు. నాకేమో ఆ ఒరిజినల్ మా ఇంటిదాకా నడిచొచ్చిన దారి మీదే ధ్యాస.

మాది అనకాపల్లి. పాపయ్యగారు 1921లో శ్రీకాకుళంలో పుట్టి, తర్వాత కశింకోటలో స్థిరపడ్డారు. కశింకోట మాకు పక్క ఊరే. ఆటో ఎక్కి కబుర్లు మొదలెట్టేలోపే వచ్చేస్తుంది. ఆ పక్క ఊరి మనిషి వేసిన బొమ్మ మద్రాసు వడపళనిలో అచ్చయి, కట్టల్లో రైలెక్కి, మళ్ళీ మా ఊరి పుస్తకాల షాపులో దిగి, మా తాతయ్య చేతిలో పడేది. 1992లో పాపయ్యగారు పోయేనాటికి నేనింకా పుట్టలేదు. తాతయ్య ఏడాదికో బైండు చొప్పున కుట్టించి దాచిన చందమామలు మాత్రం అటక దిగి నా దగ్గరికొచ్చాయి. ఎక్కువగా 1970ల నాటివి. కొన్నిటికి చెదలు, కొన్నిటికి బెల్లం మరకలు. (బెల్లం మార్కెట్టుకి పేరుపడ్డ ఊళ్ళో పుస్తకాలకి ఆ మరక తప్పదు.)

ఆ బొమ్మల గురించి అందరూ చెప్పే సంగతులు నాకూ ఇష్టమే. ఊదా, నీలాల మధ్య ఆయన తీసే మెరుపు, పురాణ స్త్రీల నడుం వంపు, ఆ కళ్ళు. కాకపోతే నా చూపు చిక్కుకున్న చోటు వేరే ఉంది. కొన్ని అట్టల మీద ఎరుపు పక్కకి జరిగి ఉండేది. పెదవి గీత ఒకచోట, పెదవి రంగు వెంట్రుకవాసి కుడికి. చీర అంచు దాటి బయటికి పొంగిన గులాబి, దానికి అటుపక్క ఖాళీగా మిగిలిపోయిన సన్నటి తెల్లచార. ఇంకొన్నిటిలో నీలం జరిగేది. అప్పుడు ముఖం చుట్టూ చలికాలపు తెల్లవారుజామున కనిపించేలాంటి ఒక అంచు. దేవతలకి అలా రెండు అంచులుంటాయి కాబోలని చాలాకాలం నా లెక్క. కిరీటం ఎలాగో, ఇదీ అలాగే.

దాని అసలు లెక్క కాలేజీలో చేరాకే తెలిసింది. రంగుల బొమ్మని అచ్చువెయ్యాలంటే ముందు దాన్ని నాలుగు ముక్కలు చెయ్యాలి. పసుపు, గులాబిలాంటి మెజెంటా, ఆకాశంలాంటి సయాన్, నలుపు. రంగుకో ప్లేటు. ఆ రంగైనా నిండుగా పడదు, చుక్కలుగా పడుతుంది. నాలుగు రంగుల చుక్కలూ ఒకదాని నెత్తిన ఒకటి కుప్పపడకుండా వాటి వరసల్ని వేర్వేరు కోణాల్లోకి తిప్పుతారు. నలుపు 45 డిగ్రీలు, మెజెంటా 75, సయాన్ 15, పసుపు సున్నా. భూతద్దం కింద ఆ చుక్కలు గుండ్రంగా గుమిగూడి కనిపిస్తాయి. ప్రెస్సు భాషలో దాని పేరు రోజెట్. ఒకసారికి ఒక రంగే వేసే పాత మెషీన్ల మీదైతే కాగితం నాలుగుసార్లు లోపలికి వెళ్ళి రావాలి. ఒక రంగు పడ్డాక ఆరబెడతారు, ఆరాక రెండోది. ఈలోపు కాగితం గాలిలో తేమ పీల్చుకుని సాగుతుంది. ఎంతో కాదు. కానీ ఎరుపు పెదవిని విడిచిపెట్టి పోవడానికి అంత చాలు. నాలుగు రంగుల్నీ ఒకే గీతలో కూర్చోబెట్టడాన్ని రిజిస్ట్రేషన్ అంటారు, మెషీన్‌మేన్‌కి పేరొచ్చినా తిట్లొచ్చినా దానితోనే.

అలా చూస్తే చిన్నప్పుడు నన్ను పట్టుకున్న ఆ రెండో అంచు మీద పాపయ్యగారికి ఏ హక్కూ లేదు. అది సముద్రపు తేమ నిండిన మద్రాసు గాలి వేసింది కావచ్చు. నెలాఖరు తొందరలో ఉన్న ఎవరో మెషీన్‌మేన్ వేసింది కావచ్చు. నా మీద పడ్డ ప్రభావాల జాబితా నిజాయితీగా రాస్తే అందులో మద్రాసు ఉక్కపోత పేరుండాలి.

ఆ జాబితా రాయక తప్పని సందర్భం మాకు సెమిస్టర్‌కొకటి వస్తుంది. జ్యూరీ. చేసిన పనంతా గోడకి తగిలించి పక్కన నిలబడాలి. మేష్టార్లూ, బయటినుంచి వచ్చిన ఒకరిద్దరు చిత్రకారులూ చూసుకుంటూ పోతారు, మధ్యలో ఆగి ప్రశ్నలేస్తారు. నేను తగిలించిన వరస పేరు "ప్లాట్‌ఫారం". అనకాపల్లి స్టేషన్లో జనరల్ పెట్టె కోసం కాచుకున్న మనుషులు. మా ఉత్తరాంధ్ర నుంచి పనికోసం ఎవరెవరు ఊరు విడుస్తున్నారో చూడాలంటే స్టేషన్‌ని మించిన చోటు లేదు. సిమెంటు సంచుల్లో సామాన్లు, ప్లాస్టిక్ బిందె, బిందెలో కుక్కిన దుప్పటి, దుప్పటి మీద కూర్చున్న పిల్ల. నల్లగీతలన్నీ జింకు ప్లేటు మీద ఎచింగ్. ఆ ప్రింటు ఆరాక పైన రంగులు సిల్కుస్క్రీన్‌తో. గీత ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఎరుపు మాత్రం రైలు వెళ్ళే దిక్కుకి జరిగింది. చీర ఎరుపు, తువ్వాలు ఎరుపు, బిందె ఎరుపు, అన్నీ ఒకే వైపుకి, వేలి వెడల్పున.

మొదటి బొమ్మ దగ్గర ఆగగానే బయటినుంచి వచ్చినాయన "వార్హోల్" అన్నారు. ప్రశ్న కూడా కాదు, రోగం పేరు చెప్పినట్టు.

కాదనడానికి లేదు. ఆండీ వార్హోల్ 1962లో మార్లిన్ మన్రో బొమ్మలు అచ్చువేశాడు. "నయాగరా" సినిమా ప్రచారానికి తీసిన ఒక ఫొటోని సిల్కుస్క్రీన్ మీదికి ఎక్కించి, వాటిలో ఒకదానిలో అదే ముఖాన్ని యాభైసార్లు వరసగా పేర్చాడు. పెదవుల ఎరుపు, కనురెప్పల నీలం వాటి చోట్లలోంచి జారి ఉంటాయి. అతను దిద్దలేదు, అలాగే ఉంచాడు. చుక్కల సంగతికొస్తే రాయ్ లిక్టెన్‌స్టైన్ అప్పటికే కామిక్ పుస్తకాల అచ్చుచుక్కల్ని పెద్దవి చేసి కాన్వాసు మీద వేస్తున్నాడు. కళాచరిత్రలో ఈ గల్లీకి ఇంటి నంబరు వాళ్ళిద్దరి పేరనే ఉంది.

"చందమామ అండీ" అన్నాను.

"అది నోస్టాల్జియా అమ్మా. ఇన్‌ఫ్లుయెన్స్ అనరు."

పక్కనున్న మేడం, "నోస్టాల్జియా అయితే ఎరుపు పద్ధతిగా ఒకే దిక్కుకి ఎందుకు జరుగుతుందండీ?" అని నవ్వారు. ఇద్దరూ ఆ సంగతే వాదించుకుంటూ పక్క కుర్రాడి గోడ దగ్గరికి వెళ్ళిపోయారు. నన్ను మళ్ళీ ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ రాత్రి వార్హోల్ మార్లిన్లని ఫోన్‌లో పెద్దవి చేసుకుని చూస్తూ కూర్చున్నాను. ఇబ్బంది అక్కడ మొదలైంది. ఇప్పుడు చందమామ అట్ట తెరిచినా ఆ జారిన ఎరుపులో న్యూయార్క్ కనబడుతోంది. ఎవరో పేరు పెట్టాక, వెనక్కి వెళ్ళి ఆ పేరు లేనట్టుగా చూడలేం. వార్హోల్ నా మీద ప్రభావం చూపించలేదని జ్యూరీ రోజున చెప్పగలిగేదాన్ని, మర్నాడు చెప్పలేను. ప్రభావాలు గతంలోంచే వస్తాయనుకుంటాం గానీ కొన్ని ఇలా తర్వాత వచ్చి ముందు వరసలో కూర్చుంటాయి.

తేడా మాత్రం ఒకటి కనిపించింది, దాన్ని ఇంకా వదల్లేదు. వార్హోల్ జారుడు ఒక వైఖరి. సినిమా తార ముఖం సబ్బు పెట్టె మీది ముద్రలాంటిదే అని చెప్పడానికి అతనికి ఆ అశ్రద్ధ కావాలి. చందమామ జారుడు ఎవరికీ అక్కర్లేనిది. దాని వెనక ఏ అభిప్రాయమూ లేదు. ఆ నెల మెషీన్‌మేన్ చీవాట్లు తిని ఉంటాడు. కథ చదివే పిల్లలు పట్టించుకోరు. ఎవరూ కోరుకోకుండా, ఎవరి సంతకమూ లేకుండా వచ్చిన అందం అది. నాకు కావలసింది ఈ రెండోది. కానీ కోరుకుని చేస్తే రెండోది కూడా మొదటిదైపోతుంది కదా!

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మనిషి ఇంకా ఇక్కడే ఉన్నాడు, రంగు ముందే ఊరు దాటిపోయింది అని నా బొమ్మలకి నేను చెప్పే అర్థం బాగానే ఉంటుంది. జ్యూరీలో తలలూగుతాయి. అయితే ఆ అర్థం తర్వాత వచ్చి చేరింది. ముందు ఉన్నది ఎరుపు జరిగితే చూడాలన్న కోరిక. దానికి తగిన మనుషుల్ని వెతుక్కుంటూ స్టేషన్‌కి వెళ్ళాను. బొమ్మలేసేవాళ్ళలో చాలామంది ఈ వరసలోనే పనిచేస్తారని నా అనుమానం. కేటలాగులో రాసేటప్పుడు మాత్రం వరస తిరగేస్తారు.

ఆ వరసలో పెద్ద సైజు బొమ్మల మీద రంగులకి ఛత్తా బజార్ వెళ్ళాల్సొచ్చింది. హైదరాబాదులో పెళ్ళికార్డుల అచ్చుకి అదే అడ్డా. ఉర్దూ అక్షరాలు చేత్తో రాసే ఖుష్‌నవీసులకీ ఒకప్పుడు అదే. అక్కడొక పాత షాపులో స్క్రీన్ లాగే పెద్దాయనకి నా పని వివరించాను. గీత మీద కూర్చోకుండా ఎరుపుని పక్కకి వెయ్యాలని.

"ఏందమ్మా, పైసలిచ్చి ఖరాబ్ చేపిచ్చుకుంటవా?" అన్నాడు. "నా షాపు పేరైతే ఎవ్వలకి చెప్పకు."

ఒప్పుకున్నాడు గానీ ఆయన చేతులు ఒప్పుకోలేదు. కాగితం పెట్టడం, మూలలు చూసుకోవడం, స్క్వీజీ లాగడం. ఎరుపు వెళ్ళి సరిగ్గా గీతల మధ్యే కూర్చునేది. ముప్ఫై నలభై ఏళ్ళుగా లక్షల కార్డుల మీద గణపతి బొమ్మని బంగారు గీత దాటకుండా కూర్చోబెట్టిన చేతులవి. తప్పు వెయ్యమంటే ఎలా వేస్తాయి? చివరికి ఆయనే దారి చెప్పాడు. "ఎంత జరపాల్నో గీత గీసియ్యి బిడ్డా. గా గీత మీద కూసోబెడ్త." అలాగే చేశాం. జారిన రంగుకి వేరే గుర్తులు గీసి, ఆ గుర్తులకి అణుమాత్రం తేడా లేకుండా అచ్చువేశాడు. కావాలని చేసే తప్పుకి ఒప్పుకన్నా గట్టి రిజిస్ట్రేషన్ కావాలని అక్కడ తెలిసింది. అన్ని కాపీలూ ఒకేలా జారాయి. చాలా చక్కగా, చాలా చల్లగా. వార్హోల్‌గారు చూస్తే భుజం తట్టేవారు.

మిగతా కాగితాల్ని ఆ రాత్రంతా హాస్టల్ బాల్కనీలో వానగాలికి ఆరేశాను. మర్నాడు సాగిన కాగితం మీద ఆయన్ని మామూలుగా, తన పద్ధతిలోనే, సరిగ్గా కూర్చోబెట్టమన్నాను. కూర్చోబెట్టాడు. కాగితం ఒప్పుకోలేదు. ఒకచోట కుదిరింది, ఒకచోట ఎరుపు వెంట్రుకవాసి జారింది, ఇంకోచోట పిల్ల చెవి దాటి పోయింది. ఆయన తల కొట్టుకున్నాడు. నేను టీ తెప్పించాను.

థియరీ క్లాసులో వాల్టర్ బెంజమిన్‌ని చదువుతాం. యంత్రం నకళ్ళు తీయడం మొదలుపెట్టాక కళాకృతి చుట్టూ ఉండే తేజస్సు వాడిపోతుందని 1930లలో ఆయన రాశాడు. దాన్ని ఉత్త నష్టంగానూ చూడలేదు, అది వేరే సంగతి. మ్యూజియం పక్కవీధిలో ఉన్నవాళ్ళకి ఆ వాడిపోవడం లెక్కలోకి వస్తుంది. అనకాపల్లిలో అటకమీదికి ఎక్కినదానికి ముందు ఏ తేజస్సు అందిందని, తర్వాత ఏం వాడడానికి? నాకు తేజస్సు అంటూ ఏదైనా అందితే అది నకలుగానే అందింది, బెల్లం మరకతో సహా.

నకళ్ళకీ తలరాతలుంటాయి. అజంతాని చూడండి. రాబర్ట్ గిల్ అనే సైనికాధికారి 1844 నుంచి ఏళ్ళతరబడి ఆ గుహల్లో కూర్చుని కుడ్యచిత్రాలకి నకళ్ళు తీశాడు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పెట్టిన ఆ బొమ్మలు చాలావరకు 1866 అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. తర్వాత బొంబాయి జె.జె. స్కూల్ నుంచి జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థుల్ని వెంటబెట్టుకుని 1872లో మళ్ళీ మొదలుపెట్టాడు. వాటిలోనూ చాలా బొమ్మలు 1885లో లండన్‌లోనే బూడిదయ్యాయి. 1909–11 మధ్య క్రిస్టియానా హెరింగ్‌హామ్ వచ్చినప్పుడు కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ హల్దార్‌లతో పాటు మన హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ వెళ్ళారు. అజంతా అప్పుడు నిజాం రాజ్యంలోది. సయ్యద్ అహ్మద్, జలాలుద్దీన్ తర్వాత తీసిన నకళ్ళు ఇవాళ్టికీ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్నాయి. జనం ఎక్కువగా మమ్మీని చూడ్డానికి వస్తారు, వాటి ముందు రద్దీ ఉండదు. మాలాంటివాళ్ళు నిలబడి గీసుకోవడానికి అనువుగా ఉంటుంది.

అక్కడ గీసుకుంటూ నేను తరచూ ఆలోచించేది ఆ బొమ్మల్లోని పద్మపాణి గురించి కాదు, నకలు తీసేవాడి ఇరకాటం గురించి. గోడ పెచ్చులూడిన చోట ఏం చెయ్యాలి? ఊడినచోటుని ఊడినట్టే వెయ్యాలా, ఊహించి పూరించాలా? ఊడినట్టే వేస్తే సున్నపు మచ్చని శ్రద్ధగా చిత్రించినవాడవుతాడు. పూరిస్తే తను కల్పించింది పదిహేను వందల ఏళ్ళ నాటిదై కూర్చుంటుంది. ఎటు చూసినా ఆ ఖాళీ దగ్గరకొచ్చేసరికి అతను నకలు తీయడం ఆపి, ఏదో ఒకటి తనే తేల్చుకోవాలి. అక్కడే అతనికి కాస్త చోటు దొరుకుతుంది.

వాన్‌గో సంగతి ఇంకా తమాషా. 1889–90లో సాన్ రెమీ ఆస్పత్రిలో ఉన్నప్పుడు మిలే అనే చిత్రకారుడి బొమ్మల్ని వరసపెట్టి వేశాడు, ఇరవై దాకా. అతని ముందున్నవి మిలే అసలు బొమ్మలు కాదు, వాటి నలుపు తెలుపు అచ్చులు. రంగు లేదు కాబట్టి రంగంతా తనే పెట్టుకోవాల్సొచ్చింది. సంగీతకారుడు వేరొకరి రచనని వాయించేటప్పుడు తన పద్ధతిలో వాయించడా, ఇదీ అంతే అని తమ్ముడికి ఉత్తరం రాసుకున్నాడు. మిలే అసలు కాన్వాసులే ఎదురుగా ఉండుంటే ఆ నీలాలూ ఆ పసుపులూ వచ్చేవా? అచ్చులో పోయిందేదో అతనికి అక్కరకొచ్చింది.

ఒరిజినల్ చూసి తీరాలనే మా మేష్టారి మాట మన్నించి రాజమండ్రి వెళ్ళాను. దామెర్ల రామారావు చిత్రకళా మందిరం. అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చేరదీసిన పిల్లాడు రామారావు, అడివి బాపిరాజుకి సహవాసి, జె.జె. స్కూల్‌లో చదివి వచ్చి, మశూచితో 1925లో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆ అంకె నా వయసుకి మరీ దగ్గర కాబట్టి దాన్ని తలుచుకోకుండా బొమ్మలు చూడాలని వెళ్ళాను. "పుష్పాలంకరణ" ముందు చాలాసేపు నిలబడ్డాను. పుస్తకాల్లో చూసినదానికీ దీనికీ పోలిక లేదు. నీటిరంగు కాగితంలోకి దిగి, కాగితమే ఆ రంగుతో పుట్టినట్టుంది. దీన్ని ఏ నాలుగు ప్లేట్లూ పట్టలేవు. మేష్టారు చెప్పింది నిజమే.

నిజమే గానీ, అక్కడినుంచి నేను ఏమీ తెచ్చుకోలేదు. పుస్తకం తీసి గీయబోతే చెయ్యి ఆగిపోయింది. ఆ బొమ్మలో నేను చెయ్యగలిగిందేమీ మిగల్లేదు. అన్నీ అతనే చేసేసి వెళ్ళాడు. ఇరవై ఎనిమిది నిండకుండానే. ప్రేక్షకురాలిగా నాకది మంచి పూట. పనిచేసుకునే మనిషిగా మాత్రం తలుపులేని గోడ ముందు నిలబడ్డాను. రంగు జారిన అట్టల్లో నాకు ఎప్పుడూ ఒక సందు కనబడేది. రామారావు బొమ్మని గౌరవిస్తాను, పాపయ్యగారి అచ్చుతో కలిసి పనిచేస్తాను. ఈ రెండూ వేర్వేరు సంబంధాలని మేష్టారితో అన్నాను. "నువ్వు ఇంకో పదేళ్ళ తర్వాత ఆ బొమ్మ ముందుకి మళ్ళీ వెళ్ళు" అన్నారు. ఆయన మాటలో ఉన్న న్యాయం కాదనను. పదేళ్ళు ఆగే ఓపికే నాకు లేదు.

మా డిపార్ట్‌మెంటు గోడల మీద ఉండే మిగతా దేవుళ్ళ గురించీ చెప్పాలి కదా. ఎచింగ్ నేర్చుకునే తెలుగు పిల్లలెవరూ లక్ష్మాగౌడ్ మేకని తప్పించుకు పోలేరు. ఆ సన్నగీతల ముళ్ళపొదలో అందరం కొన్నాళ్ళు చిక్కుకుంటాం. తోట వైకుంఠం పరిస్థితి జాలిగొలిపేది. బూరుగుపల్లి ఆడవాళ్ళనీ, ఊళ్ళో ఆడవేషాలు కట్టే మగ నటులనీ చూసి చూసి ఆయన పట్టుకున్న ఆ నిండుతనం ఇప్పుడు ప్రతి హోటల్ లాబీలోనూ, ప్రతి చీరల షాపు సంచి మీదా ఉంది. బొట్టు పెద్దది చేస్తే వైకుంఠం అయిపోతుందనుకునే బొమ్మల కింద ఆయన బొగ్గు డ్రాయింగులు కనబడకుండా పోయాయి.

అందరికన్నా నాకు ఎదురుగా నిలబడి వాదించేది కృష్ణారెడ్డిగారు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్ మీదుగా పారిస్ చేరి, అక్కడి అటెలియే 17 అనే ప్రింట్ స్టూడియోలో పనిచేసిన మనిషి. రంగుకో ప్లేటు అనే పద్ధతినే ఆయన తోసేశాడు. ఒకే ప్లేటుని లోతులూ మిట్టలుగా చెక్కుతాడు. ఒక సిరాలో నూనె ఎక్కువ కలిపి పల్చన చేస్తాడు, ఇంకోదాన్ని చిక్కగా ఉంచుతాడు. గట్టి రోలర్ మిట్టల్నే తాకుతుంది, మెత్తటి రోలర్ లోతుల్లోకి దిగుతుంది. పల్చటి సిరా పడ్డచోట చిక్కటిది అంటుకోదు. అలా అన్ని రంగులూ ఒకే ప్లేటు మీద, ఒకే దెబ్బకి కాగితం మీదికొస్తాయి. అక్కడ జారడానికి ఏమీ లేదు. రంగుల్ని విడదీస్తేనే కదా అవి మళ్ళీ కలవకుండా పోయేది! ఆయన "గ్రేట్ క్లౌన్" చూస్తే రంగులు పుట్టుకతోనే ఒక కుటుంబమని నమ్మబుద్ధేస్తుంది. నా ప్లాట్‌ఫారం మీద మనుషులకి ఆ నమ్మకం పనికిరాదు. వాళ్ళని విడదీసే మెషీన్ నాకు కావాలి. ఆయన పద్ధతి నేర్చుకున్నాను, ఒక ప్లేటు చేశాను కూడా, పక్కన పెట్టాను. అదీ ప్రభావమే అనుకుంటాను, ఎటు వెళ్ళకూడదో చూపించినందుకు.

చేర్యాలలో కథల పటాలు వేసే నకాషీల ఇంట్లో కూర్చుని చూసినప్పుడు మాత్రం వాదన ఆగింది. ఖద్దరు గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, తుమ్మజిగురు పట్టించి, ఆరాక దానిమీద కుంచెతోనే నేరుగా బొమ్మ వేసుకుంటారు. తర్వాత వెనకంతా ఎరుపు నింపుతారు. ఆ మీదట ఒంటిరంగులు, బట్టలరంగులు. ఎరుపు కాస్త చెయ్యి దాటినా, పచ్చ కాస్త తక్కువ పడినా ఆ ఇంటి పెద్దావిడ కంగారుపడలేదు. నల్లగీత అన్నిటికన్నా చివర వస్తుంది. అది వచ్చి అందరినీ ఎవరి హద్దుల్లో వాళ్ళని ఉంచుతుంది. ఆ పటాలు 3 అడుగుల వెడల్పున, కొన్ని 40 అడుగులకి పైగా పొడవున ఉండేవి. పద్మశాలీలకి మార్కండేయ పురాణం, మాదిగలకి జాంబపురాణం, ఎవరి కథ వాళ్ళకి చెప్పేవాళ్ళు వాటిని ఊరూరా విప్పుతూ తిరిగేవారు. పటం చిరిగిపోతే మళ్ళీ నకాషీ దగ్గరికే వచ్చి కొత్తది రాయించుకునేవారు, పాతదాన్ని చూసి. పాతది నీళ్ళలో కలిసేది. అంటే అక్కడ ఒరిజినల్ అనే పదవిలో ఎవరూ ఎక్కువకాలం ఉండరు.

నేను గీతని ముందు వేసి రంగుని తర్వాత జారనిస్తున్నాను. వాళ్ళు రంగుని ముందు వదిలి గీతతో తర్వాత పట్టుకుంటున్నారు. వరస మారిస్తే ఏమవుతుందో చూడాలనిపించింది. రంగుల మీద ఎచింగ్ చివర వేశాను. కాగితాన్ని తడిపి ప్రెస్సులో పెట్టాలి కాబట్టి అది మళ్ళీ సాగింది. అలా నల్లగీత కూడా మొదటిసారి తన చోటు తప్పింది. ఇప్పుడు బిందె మీద కూర్చున్న పిల్ల ఎక్కడుందని అడిగితే చెప్పడం కష్టం. ఎరుపు ఒకచోట చూపిస్తుంది, నలుపు ఇంకోచోట.

చిక్కంతా ఇప్పుడు అంకెల దగ్గర వచ్చింది. ప్రింటు కింద పెన్సిల్‌తో సంఖ్య రాయడం మా వృత్తి ఆచారం. పది కాపీల ఎడిషన్‌లో మూడోదైతే 3/10. పదీ ఒకటే అని కొనేవాళ్ళకి మనం ఇచ్చే మాట అది. నావి ఏ రెండూ ఒకటి కావు. "అలాగైతే ఇవి మోనోప్రింట్లు, విడివిడిగా ఒక్కోటి అని రాయి" అంటారు మేష్టారు. విడివిడిగా అంటే నేను ఒప్పుకోను. ప్లేటు ఒకటే, స్క్రీన్ ఒకటే, లాగిన చెయ్యి ఒకటే, తేడా అంతా వానగాలిది. వేరియబుల్ ఎడిషన్ అని రాసే పద్ధతి ఒకటుంది, అది వాడొచ్చని మేడం అన్నారు. ఛత్తా బజార్ పెద్దాయన్ని అడిగితే, "కరాబైనయి పక్కకువెట్టు, మంచియి నాలుగున్నయి, గయ్యే అమ్ముకో" అన్నాడు. ఆ నాలుగింటినీ విడిగా తీసి చూశాను. వాటిలో ఎరుపు ఎక్కడుండాలో అక్కడే ఉంది. వచ్చే జ్యూరీలో వాటిని కూడా మిగతావాటితో కలిపి తగిలిస్తున్నాను, వరసలో ఎక్కడ పెట్టాలన్నదే ఇంకా తేలలేదు.